బోర్డు మీద కత్తెర

విమానాల షెడ్డు, మధ్యాహ్నం ఒంటిగంట. రెండు సీట్ల పాత విమానం రెక్క కింద బల్ల వేసుకుని ఇద్దరు కూర్చున్నారు. ఒకరు దాన్ని బాగుచేస్తున్న మెకానిక్కు, రెండోవారు అతని వదిన. రెక్కకు కప్పిన గుడ్డ ఇంకా జానెడు మేర కుట్టవలసి ఉంది.

"అది కాదయ్యా నేనడిగింది. ఆ బోర్డు మీద కత్తెర బొమ్మ ఎందుకుందని."

"ఏ బోర్డు?"

"నీ వెనకాల గోడంతా ఉందే, ఆ బోర్డు. ఎన్ని బోర్డులున్నాయేం ఇక్కడ?"

"అదా. పనిముట్లు తగిలించేది వదినా. ఒక్కోదానికీ దాని ఆకారం గీసి ఉంటుంది. పనైపోయాక ఎక్కడివక్కడ తగిలిస్తాం. ఏదైనా బొమ్మ ఖాళీగా కనబడిందంటే ఆ పనిముట్టు విమానంలో ఉండిపోయినట్టే. అది దొరికేదాకా విమానం కదలదు."

"నాకు చెబుతున్నావా? మీ అన్నయ్యని చేసుకున్నప్పటినుంచీ వింటున్నాను. స్పానర్లు, సుత్తులు, పట్టకార్లు. మధ్యలో కత్తెరెందుకు?"

"గుడ్డ కత్తిరించొద్దూ. ముందు ఆ కుట్టు కానియ్యి. దాని మీద గుడ్డ బిగిసే మందు పూయాలి, అది ఆరడానికే రెండు గంటలు. నీ కూతురు నాలుగింటికల్లా వచ్చేస్తుంది. ఎండ తగ్గగానే ఎగురుతానంది."

"ఇక్కడ కుట్టబుద్ధి కావడం లేదు."

"మూడు వారాలు మీ వరండాలో కూచుని రెక్క మొత్తం కుట్టావు. ఒక్క కుట్టు వంకర పోలేదు. ఈ జానెడు దగ్గరకొచ్చేసరికి మనసు రావట్లేదా?"

"ఇల్లు వేరు. ఈ షెడ్డులో కాలు పెట్టి పందొమ్మిదేళ్ళయింది."

"తెలుసు. కేబుళ్ళు బిగించాక గాని ఆ చివర మూయకూడదు. లేకపోతే నిన్ను ఇక్కడిదాకా రప్పించేవాణ్ణా? అదేంటి, దారం పళ్ళతో కొరుకుతావేం? పక్కనే కొత్త కత్తెర పెట్టాను కదా."

"అలవాటు."

"ఇంకా ఎన్ని పళ్ళున్నాయని ఆ అలవాటు?"

"నీకన్నా రెండు ఎక్కువే. అది సరేగాని, పిల్ల ఈ మిడత విమానాన్నే పట్టుకుని కూచుందేమయ్యా? ఎగరడం నేర్చుకుంది, బాగానే ఉంది. కొత్త విమానాలు బోలెడున్నాయి. నాన్నని మింగినదే కావాలా?"

"నాన్న విమానం. ఆ మాత్రం ఉండదా. నిన్న నాతో ఏమందో తెలుసా? భయపడకు బాబాయ్, నాన్నలా గాల్లో వేషాలు వెయ్యనులే, అంది."

"ఊఁ."

"అది నీ నోటినుంచి నేర్చుకున్న మాటే వదినా."

"నేనొక్కదాన్నేనా అన్నది? విచారణకొచ్చిన ఆఫీసర్లు కాగితంలో రాశారు. తక్కువ ఎత్తులో మరీ వాల్చి తిప్పాడు, తప్పు నడిపినవాడిదేనని. ఊరంతా అన్నారు, నేనూ అన్నాను."

"అన్నయ్య వేషాలు వేసే మనిషి కాదు."

"మరి ఆ కాగితం మీద నువ్వు సంతకం ఎందుకు పెట్టావు?"

"పెట్టమన్నారు, పెట్టాను. సూది తీసుకో."

"ఏదీ, ఆ కొత్త కత్తెర ఇలా ఇవ్వు."

"ఎక్కడికి లేస్తున్నావు? అసలే మోకాళ్ళు బాగాలేవు."

"మోకాళ్ళ సంగతి నేను చూసుకుంటా, ఇవ్వు. ఇదిగో, చూడు. ఈ కత్తెర ఆ బొమ్మలో పట్టదు. బొమ్మ దీనికన్నా బెత్తెడు పొడుగుంది."

"వేరేదేదో పెట్టి గీసుంటాను. పోయిన నెలలో. గుర్తులేదు."

"పోయిన నెల వేసిన రంగు ఇలా బీటలు వారుతుందా?"

"ఎండకి."

"షెడ్డులో ఎండెక్కడిదయ్యా?"

"వదినా, టైమవుతోంది."

"అయితే అవనీ. ఈ బొమ్మకి ఒక మొన విరిగుంది. బొటనవేలు పెట్టే రింగు లావుగా ఉంది, గుడ్డ చుట్టినట్టు. వేలు ఒరుసుకుపోతోందని పిల్ల పాత గౌను చింపి ఆ గుడ్డ చుట్టింది నేను. కత్తెర ఎదురుగా పెట్టుకోకుండా ఇంత అచ్చంగా గీయడం ఎవరి తరమూ కాదు. నా కత్తెర నీ దగ్గరెందుకుంది?"

"కూర్చో."

"నిలబడే వింటాను."

"కూర్చో వదినా. నువ్వు నిలబడితే నేను చెప్పలేను."

"కూర్చున్నాను. చెప్పు."

"విమానం పొలంలో పడిందని తెలియగానే అందరికంటే ముందు నేనే వెళ్ళాను. అన్నయ్యని చూశాను. చెయ్యడానికింకేం లేదు. ఎడమ రెక్క తునాతునకలు. కుడి రెక్క మాత్రం చెక్కుచెదరలేదు. రెక్క అంచున పైకీ కిందకీ ఆడే పలక ఉంటుందే, విమానాన్ని పక్కకి వాల్చి మళ్ళీ సరిగ్గా నిలబెట్టేది, అది బిగుసుకుపోయి ఉంది. ఎంత లాగినా రాలేదు. లోపలికి చెయ్యి పెట్టాను. కేబుల్ తిరిగే చక్రం దగ్గర వేలికి మెత్తగా గుడ్డ తగిలింది."

"గుడ్డ."

"ఆ చక్రంలో ఇరుక్కుంది నీ కత్తెర. అన్నయ్య విమానం వాల్చాడు, మళ్ళీ లేపలేకపోయాడు. అంతే జరిగింది. ఆఫీసర్లు రాకముందే దాన్ని తీసి చొక్కాలో వేసుకున్నాను."

"పందొమ్మిదేళ్ళు దాచావు."

"దాచాను. ఆ వారమే బోర్డు మీద ఆ బొమ్మ గీశాను. తగిలించడానికి మాత్రం చేతులు రాలేదు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే బతికేదానివా? పిల్లకి అప్పుడు తొమ్మిదేళ్ళు. దానికి తల్లైనా మిగలాలి కదా. చెడ్డపేరు అన్నయ్యకొస్తే వచ్చింది, పోయినవాడు, ఓర్చుకుంటాడులే అనుకున్నాను."

"ఓర్చుకున్నాడు."

"నీ తప్పు కాదు వదినా, నాది. ఆ పొద్దున నువ్వు రెక్క గుడ్డ కుట్టడం అయ్యాక లెక్క చూసింది నేను. బోర్డు నిండుగా ఉంది, ఒక్క బొమ్మ ఖాళీ లేదు. కానీ నీ కుట్టుబుట్ట నువ్వు ఇంటినుంచి తెచ్చుకునేదానివి, దానికి బోర్డు మీద చోటే పెట్టలేదు మేము. అది నాకు తట్టి ఉండాల్సింది."

"వెళ్ళి దాన్ని తీసుకురా."

"ఇప్పుడెందుకు?"

"తెచ్చి ఆ బొమ్మలో తగిలించు. అప్పుడు కుడతాను."

"పిల్ల చూస్తుంది. ఇదేంటని అడుగుతుంది."

"అడగనీ. వాళ్ళ నాన్న వేషాలు వెయ్యలేదని చెబుతాను."

"సరే, చెబుదాం. కానీ రెక్కలో వదిలేసింది నేనని చెబుదాం. నా మాట విను. నువ్వెరగకుండా జరిగినదాన్ని ఇప్పుడు నెత్తినేసుకుని ఏం లాభం?"

"ఎరగకుండానా?"

"మరి? ఎక్కడ జారిపోయిందో నీకేం తెలుసు?"

"నన్ను అడిగావు. నీకు గుర్తులేదు."

"ఏమడిగాను?"

"రెక్క మూసేశాక అడిగావు. వదినా, నీ సామానంతా ఉందా, అన్నావు. ఉంది అన్నాను."

"ఉందనుకుని అన్నావు."

"కాదు. నువ్వు అడగకముందే, చివరి ముడి వేసి దారం తెంపుదామని చూస్తే బుట్టలో కత్తెర లేదు. పళ్ళతో కొరికాను."

"వదినా."

"చెబితే మూడు వారాల కుట్టంతా చీల్చి వెతుకుతారనిపించింది. ఇంట్లోనే మర్చిపోయి ఉంటానులే అని నాకు నేనే చెప్పుకున్నాను. మందు ఆరడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ మీ అన్నయ్య ఈ బల్ల మీదే, నా పక్కనే కూర్చున్నాడు."