ఆరని పచ్చచుక్క

మా ఆఫీసు ఎదురుగా టీ బండి ఉంది. నాలుగూ నలభైకి మా ఫ్లోరువాళ్ళం పావుగంట సేపు కిందికి దిగుతాం. పొద్దుట్నుంచి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఎవరెవరి కార్డుల గురించో పాలసీల గురించో చెప్పిందే చెప్పి గొంతులు అరిగిపోయి ఉంటాయి. అందుకని అక్కడ ఎవరం పెద్దగా మాట్లాడం, మా సీనియరు తప్ప.

ఆయనది ఇరవై రెండేళ్ళ సర్వీసు. టీ తాగుతున్నా సరే, ఫోను మీద బొటనవేలు ఆడిస్తూనే ఉంటాడు. రెండు నిమిషాలు తాకకపోతే కంపెనీ యాప్‌లో పేరు పక్కనుండే పచ్చచుక్క పసుపు రంగుకి మారిపోయి, మేనేజరుకి కబురు వెళ్తుంది. మనం టీకి వెళ్ళామన్న సంగతి దానికి తెలీదు.

"రేపేగా అన్నా, వదినకి ఆపరేషను? సెలవిచ్చారా?" అని అడిగింది టీ అక్క.

"ఇచ్చారా అంటావేంటమ్మా! ఎవరనుకున్నావు నన్ను? మేనేజరు దగ్గరికెళ్ళి మర్యాదగానే, సార్, రేపొక్కరోజు అన్నాను. అంతే, లేచి నిలబడ్డాడు. అయ్యో, మీకు సెలవిచ్చేంతవాణ్ణా నేను, పైకి వెళ్ళండి అన్నాడు. సరే కదా అని పన్నెండో అంతస్తుకి వెళ్ళాను. అక్కడ తివాచీ ఎంత మందమంటే మోకాళ్ళదాకా దిగబడిపోయాను, ఒక చెప్పు ఇప్పటికీ అక్కడే ఉంది. వాళ్ళూ మావల్ల కాదన్నారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? తిన్నగా ముప్పై రెండో అంతస్తుకి..."

"మన బిల్డింగుకి పద్దెనిమిదే కదండీ?" అన్నాను నేను.

"నీకు పద్దెనిమిది. ఇరవయ్యేళ్ళు నిండితే లిఫ్టులో మిగతా బటన్లు కనిపిస్తాయి. మధ్యలో అడ్డు రాకు. అక్కడ ఛైర్మన్ కూర్చున్నాడు. బల్ల ఈ చివర నేను, ఆ చివర ఆయన, మధ్యలో రెండు బస్టాపులు. గోడ నిండా మన చుక్కలే, లక్షల్లో. నన్ను చూడగానే, నువ్వేనా ఆ ఆరని పచ్చచుక్కవి అన్నాడు. నేనే సార్ అన్నాను. అబద్ధమా? టైఫాయిడ్‌లో పచ్చే, అమ్మాయి పెళ్ళిలో పచ్చే. ఆమధ్య నా గుండె అరగంట ఆగిపోయింది కదా..."

"ఎప్పుడూ?" అంది టీ అక్క.

"మీకు చెప్పలేదులే, కంగారు పడతారని. నేను పోయానని డాక్టరు కాగితం మీద రాసేశాడు కూడా. మా టీమ్ లీడరు ఫోను చేసి, అదేం కుదరదండీ, ఇక్కడ పచ్చగానే ఉన్నాడు అన్నాడు. ఇంకేం చేస్తాను, లేచి కూర్చున్నాను."

అందరం నవ్వాం, ఒంట్లో ఓపికున్నంత మేరకి. ఆయన నవ్వలేదు. చుక్క ఓసారి తాకి మళ్ళీ అందుకున్నాడు.

"అది విని ఛైర్మన్ ఒకటే ఏడుపు. ఒక్కరోజేంటయ్యా అన్నాడు. రేపు తొమ్మిదింటికి మా ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్తారా, ఆ క్షణం నుంచి కంపెనీ ఫోన్లన్నీ బంద్. ఏ దేశంలోనూ ఎవడి కార్డూ పనిచెయ్యదు. ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూశాకే మళ్ళీ అన్నీ మొదలవుతాయి. సంతకం కూడా పెట్టిచ్చాడు."

మా డ్యూటీలు వేసే అమ్మాయి అంతసేపూ గ్లాసులోకే చూస్తూ కూర్చుంది.

"బాబాయ్," అంది మెల్లగా, "రేపటి పట్టిక నేనే వేశాను. ఎనిమిదింటి షిఫ్టులో మీ పేరుంది. మీరసలు సెలవు అడగలేదు."

ఆయన కళ్ళజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు.

"అడగలేదమ్మా. తొమ్మిది రోజుల్నుంచి ఫోన్లో ఆ సెలవు పేజీ తెరుస్తున్నాను, మూసేస్తున్నాను. పోయిన నెల సెలవు మీద వెళ్ళిన ఇద్దరూ తిరిగొచ్చేసరికి వాళ్ళ కుర్చీల్లేవు. భయమేసింది."

"మరి వదినకేం చెప్పావన్నా?" అంది టీ అక్క.

"ఇప్పుడు మీకు చెప్పిందే. నమ్మేసింది. ఆస్పత్రిలో పక్క మంచం ఆవిడకి కూడా చెప్పిందట, మా ఆయన ఏకంగా ఛైర్మన్ చేతే సంతకం పెట్టించుకొచ్చాడని."

"రేపటి సెలవులకి ఐదింటిదాకా తీసుకుంటారు బాబాయ్. ఇంకా పన్నెండు నిమిషాలుంది," అంది ఆ అమ్మాయి.

ఆయన పేజీ తెరిచాడు. కారణం అన్నచోట వేలు ఆగిపోయింది. "ఏం రాయమంటావు?"

"ఉన్నదే రాయండి."

ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, భార్యకి ఆపరేషను, అని కొట్టి పంపించాడు. ఫోను బల్ల మీద పెట్టేసి, గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. కాసేపటికి చుక్క పసుపయింది. మేమందరం చూశాం, ఆయనా చూశాడు. ముట్టుకోలేదు.

"ఒప్పుకోకపోతే?" అంది టీ అక్క.

"ఎలాగైనా వెళ్తానమ్మా. కళ్ళు తెరిచేసరికి నేను లేకపోతే, పక్క మంచం ఆవిడ ముందు మా ఆవిడ పరువేం కాను?"