పెట్టె చెప్పిన అంకె

మూడు రోజుల ముసురు తెరిపిచ్చిన ఉదయం, మైపాడు దారిలో తన రొయ్యల గుంట గట్టుకు అడ్డంగా వనజాక్షి నిలబడింది. ఎదురుగా రోడ్డు మీద, సెల్‌ఫోన్లు బాగుచేసే కలీం చేతిలో అరచేయంత నల్ల పెట్టె.

“ఆడే ఆగు కలీం! అది ఆ పక్క నరసయ్యన్న గుంటలో ముంచినావా?”

“మొన్న దీని సీసా ముంచినానక్కా. కడిగినాలే.”

“నిన్న ఆయన రొయ్యంతా చచ్చి తేలిపోయింది. రోగమో ఏమో! నా నీళ్లలో దాన్ని ముంచనిస్తానా?”

“సరే, నీ నీళ్లే వేరే చిన్న సీసాలో పట్టుకురా.”

ఆమె పరుగున వెళ్లి తెచ్చింది. అతను సీసాలో రంగు చుక్కలు వేసి పెట్టెలో దించాడు.

“సెల్లు రిపేరోడికి రొయ్యల గోలెందుకయ్యా?”

“పాత సెల్లు ముక్కలతోనే చేసినా. లోపల చిన్న లైటుంది. రంగునీళ్లలోంచి వెలుగు ఎంత దాటిందో చూసి పీహెచ్, అంటే నీళ్ల పులుపు, చెబుతుంది. ఒక్క పెద్ద మీటరు ధరకు ఇట్టాంటివి ఇరవై వస్తాయి.”

“ఎంత చూపిస్తా ఉంది?”

“ఆరున్నర. ఏడున్నరకు తగ్గకూడదు. వానకు నీళ్లు పులిసినాయి. ఇప్పుడే సున్నం చల్లక్కా.”

“ఇంకో నెలలో రొయ్య పట్టుబడి. ఈ బొమ్మను నమ్మి చల్లి, అది తప్పైతే?”

“మొన్న నరసయ్యన్నకూ ఇదే అంకె చూపించింది. ఆయన నవ్వి పొమ్మన్నాడు.”

వనజాక్షి నిలవలేక గట్టు మీద నాలుగడుగులు అటూ ఇటూ తిరిగింది. గుంటకేసి చూసి ఆగింది.

“షెడ్డులో సున్నముంది, చల్లతా. సాయంత్రం నరసయ్యన్నను పలకరించేదానికి పోతావు గదా?”

“పోవాల గదక్కా.”

“ఆ పెట్టె మాత్రం తీసుకుపోబాక. ఆయన కంట పడితే కుమిలిపోతాడు.”