కొండరాజు ఎడమ బూటు కోసింది నేనే

ముందు ఇది రాసుకోండి. దోషులు మీరు. ఈ కాగితం ఎవరి బల్ల మీదికి వెళ్లినా, చదువుతున్న ఆ మనిషికే చెబుతున్నాను. ముప్ఫై ఆరేళ్ల కిందట మా అన్న ఐవిందుర్ రబ్బరు బూటు జీనుకు వేలాడే రికాబులో ఇరుక్కుపోయి, గుర్రం కిలోమీటరు దూరం ఈడ్చుకుపోగా చనిపోయాడు. మీరు గుర్రాన్ని కాల్చేశారు. బూటును కడిగి మా ఇంటికి పంపారు. గుర్రం పొగరుబోతుదని రాసుకుని దస్త్రం కట్టేశారు. ఆ తర్వాత ప్రతి సెప్టెంబరులోనూ అవే బూట్లతో మనుషులను కొండ మీదికి పంపుతూనే ఉన్నారు.

నా పేరు స్టెయిన్‌వర్ కేటిల్స్‌దోత్తిర్. వయసు యాభై మూడు. హ్రప్న లోయలో ఉంటాను. వృత్తి స్వారీ నేర్పడం. లోయ మండలి వారి స్వారీ శాలలో పంతొమ్మిదేళ్లుగా నేర్పుతున్నాను. నా మీద నేరం రుజువైతే ఆ శాల తాళాలు తీసేసుకుంటామని మండలి ఉత్తరం పంపింది. ఆ ఉత్తరం ఈ వాంగ్మూలానికి జతచేయమన్నాను.

ఫిర్యాదు చేసినవాడు ఆర్మన్. వయసు అరవై ఎనిమిది. వేసవంతా కొండ మీద మేసిన గొర్రెలను సెప్టెంబరులో కిందికి దింపేటప్పుడు మా లోయకు అతనే కొండరాజు. ఎవరు ఏ వాగు వెంట వెళ్లాలో, ఎక్కడ ఆగాలో అతని మాటే మాట. ఆ సంగతిలో నాకు పేచీ లేదు. పొగమంచులో అతనంత బాగా దారి తెలిసినవాడు లేడు. కానీ దారి తెలిసినంత మాత్రాన కాలు ఎక్కడ పెట్టాలో తెలిసినట్టు కాదు.

సెప్టెంబరు 12, గురువారం. ఉదయం ఆరున్నరకు నేను దొడ్డి గేటు దగ్గర నిలబడ్డాను. వెళ్లాల్సిన వాళ్లం ఇరవై నలుగురం. అందులో పద్దెనిమిది మంది కాళ్లకు రబ్బరు బూట్లే. ఎందుకని అడగండి. వాగు దాటాలి, బురదలో దిగి గొర్రెను పట్టుకోవాలి, మళ్లీ ఎక్కాలి. మాటిమాటికీ బూట్లు ఎవరు మారుస్తారు? తాతలనాటి నుంచీ ఇదే సమాధానం. ఆ బూటు అడుగు వెడల్పు, దాని నిండా లోతైన గాళ్లు. రికాబులోకి తోస్తే వెళుతుంది. రమ్మంటే రాదు.

"గేటు తియ్యి స్టెయిన్‌వర్. గొర్రెలు నీ పాఠం కోసం ఆగవు," అన్నాడు ఆర్మన్.

"గొర్రెలు ఆగక్కర్లేదు, నువ్వు ఆగు. 'ఒకటి' అంటాను. రెండు కాళ్లూ రికాబుల్లోంచి తీసి చూపించు. అందరూ చూపించాలి. తీసినవాడికి గేటు తీస్తాను."

"నువ్వు పుట్టకముందు నుంచీ గుర్రమెక్కుతున్నవాణ్ని నేను!"

"అయితే నీకు చిటికెలో పని. కానియ్."

వెనక నుంచి ఎవరో, "చూపించి పడెయ్యవయ్యా ఆర్మన్, ఇక్కడ కాఫీ చల్లారిపోతోంది," అన్నారు. అందరూ నవ్వారు. అతను నశ్యం కొమ్ము తీసి, ముక్కు నిండా పట్టించి, మీసం తుడుచుకుని, "అను," అన్నాడు.

నేను "ఒకటి" అన్నాను.

కుడికాలు వచ్చింది. ఎడమకాలు రాలేదు. మడమ దాకా తోసేసుకుని ఉన్నాడు. మళ్లీ లాగాడు, రాలేదు. కుడివైపు కోపంగా దూకబోయాడు, సగంలో వేలాడాడు. కుడికాలు నేల మీద, ఎడమకాలు జీను మీదుగా అటువైపు రికాబులో. గుర్రం బెదిరి చుట్టూ తిరగసాగింది. అతను ఒంటికాలి మీద గెంతుతూ దాని వెంట తిరుగుతున్నాడు. అతని దగ్గర పనిచేసే యుర్గా కళ్లెం పట్టుకుని గుర్రాన్ని ఆపింది. ఇద్దరం పట్టి లాగాం. బూటు రికాబులోంచి రాలేదు, కాలు బూటులోంచి రాలేదు. రెండు జతల ఉన్ని మేజోళ్లు తొడిగాడు మరి. నా జేబులో గొర్రె చెవులకు గుర్తుగా గాటు పెట్టే కత్తి ఉంది. బూటును పైనుంచి చీలమండ దాకా కోశాను. కాలు వచ్చింది. అప్పుడు సమయం ఆరూ యాభై. కాలికి గీత కూడా పడలేదు.

బూటు కోయడం నిజం. ఒప్పుకుంటున్నాను. మళ్లీ అవసరమైతే మళ్లీ కోస్తాను.

ఆ ఉదయం మిగిలిన పదిహేడు మందిలో తొమ్మిది మంది ఇంటికి వెళ్లి బూట్లు మార్చుకొచ్చారు. నలభై నిమిషాలు ఆలస్యమైంది. ఎనిమిది మంది నన్ను తిట్టుకుంటూ, గేటు తామే తెరుచుకుని అవే బూట్లతో పోయారు. ఆర్మన్ ఇంకో జత తెప్పించుకున్నాడు. అదీ రబ్బరుదే.

ఇక్కడ యుర్గా గురించి చెప్పాలి. లిథువేనియా అమ్మాయి, ఇరవై ఆరేళ్లు, ఆర్మన్ దగ్గరే జీతానికి ఉంటోంది. ఈనే గొర్రెలను చూసేది ఆమె, ఎండుగడ్డి మోసేది ఆమె. కొండకు మనిషి తక్కువైతే ఎక్కించేదీ ఆమెనే. స్వారీ నేర్పించారా అంటే, జీను మీద కూర్చోబెట్టి "పట్టుకో" అన్నారు. కాళ్లకు ఆర్మన్ పాత బూట్లు, రెండు సైజులు పెద్దవి. కొన్న ట్రాక్టరుకైతే నడిపే పద్ధతి రాసిన పుస్తకం వస్తుంది. కూలికి వచ్చిన మనిషికి అదీ ఉండదా? కొండకు వెళ్లకముందే మూడు మధ్యాహ్నాలు మా శాలకు పిలిపించుకుని నేనే నేర్పాను. నా తోలు బూట్లు ఇచ్చాను. ఇది కూడా నేరమైతే రాసుకోండి.

ఏం నేర్పావని, ఈ వాంగ్మూలం రాస్తున్న అధికారి ఓట్టర్ అడిగారు. ఆయనది రాజధాని, గుర్రం ఎక్కలేదట. కుర్చీని వెనక్కు తిప్పి దాని మీద అటో కాలు ఇటో కాలు వేసి కూర్చోమన్నాను. కూర్చున్నారు. కాళ్లు ముందుకు చాపారు.

"అదిగో, మా లోయ మగవాళ్లంతా ఇలాగే కూర్చుంటారు, పొయ్యి ముందు కూర్చున్నట్టు," అన్నాను. "కాలు ఒంటి కిందికి రావాలి. చెవి, భుజం, తుంటి, మడమ ఒకే గీత మీద ఉండాలి. మీ కింది నుంచి గుర్రాన్ని లాగేసినా నేల మీద నిలబడే ఉండాలి."

"కుర్చీ లాగకండి," అన్నారు ఓట్టర్.

లాగలేదు. మిగతాది చెప్పాను. పాదం ముందుభాగం, వేళ్ల మొదలు మాత్రమే రికాబు మీద ఆనాలి. మడమ వేళ్ల కంటే కిందికి దిగి ఉండాలి. మడమ దిగి ఉంటే కాలు ముందుకు జారిపోదు, ఇరుక్కోదు. మోకాలితో బిగించకూడదు, పిక్క మెత్తగా గుర్రం ఒంటికి తగులుతూ ఉంటే చాలు. బూటుకు చిన్న మడమ ఉండాలి, అడుగు నున్నగా ఉండాలి, రికాబుకూ బూటుకూ మధ్య అటొక వేలు ఇటొక వేలు దూరాలి. ఎక్కేముందు పొట్ట కింది పట్టీ బిగువు చూసుకోవాలి. పడబోతున్నామని తెలిస్తే ముందు కాళ్లు తీసేయాలి. ముందు కాళ్లు, తర్వాత మనిషి. ఆ మూడు మధ్యాహ్నాలూ "ఒకటి" అంటే చాలు, యుర్గా కాళ్లు తీసేది. నడుస్తుండగా అన్నాను. పరుగులో అన్నాను. ఆమె నవ్వుతుండగా అన్నాను. రెండు వందలసార్లు అన్నాను.

సెప్టెంబరు 13, శుక్రవారం. మధ్యాహ్నం రెండూ ఇరవై. ఎర్రబండ కింద ఊబి నేల. యుర్గా ఎక్కిన గుర్రం స్కుగ్గి, నల్లది, పరుగులో ఉంది. తప్పిపోయిన ఆడగొర్రె వెంట పోతోంది. గుర్రం ముందుకాళ్లు నాచులో దిగబడ్డాయి. నేను వంద గజాల దూరంలో ఉన్నాను. ఆర్మన్ ఇరవై గజాల్లో ఉన్నాడు. నేను అరవలేదు. "ఒకటి" కూడా అనలేదు.

ఎవరూ అనకుండానే ఆమె కాళ్లు వచ్చేశాయి. నేను చూశాను. రెండూ వచ్చేశాయి. ముందు కాళ్లు, తర్వాత మనిషి. కుడి భుజం మీదుగా నాచులో పడి దొర్లింది, పగ్గాలు వదిలేసింది. గుర్రం లేచి, బెదిరి, బండరాళ్ల మీదుగా, మేం రాత్రికి దిగే కొండగుడిసె దాకా పరుగెత్తింది. మూడు కిలోమీటర్లు. ఆ మూడు కిలోమీటర్లూ రెండు రికాబులూ దాని పొట్టకు కొట్టుకుంటూ ఖాళీగా వెళ్లాయి. ఖాళీగా!

యుర్గా లేచి కూర్చుంది. ముఖమంతా బురద. నోట్లోంచి నాచు ఊసి, నా వైపు చూసి, "ఒకటి," అంది.

నేను గుర్రం దిగి ఏడ్చాను. ఇది కూడా రాయమన్నాను.

ఆర్మన్ దగ్గరికి వచ్చి, "అదృష్టవంతురాలివి పిల్లా," అన్నాడు.

"అదృష్టం కాదు ఆర్మన్," అంది యుర్గా. "మడమ."

ఆ సాయంత్రం ఆరింటికి గుడిసెలో, పొగబెట్టిన గొర్రెమాంసమూ రొట్టే తింటూ చేతులెత్తి ఓటు వేశాం. కాళ్లు తీసి చూపించనివాడు ఇకమీదట కొండకు రాకూడదు. ఒప్పుకున్నవాళ్లు ఇరవై రెండు మంది. వద్దన్నది ఆర్మన్ ఒక్కడు. అతని అన్న కొడుకు మాత్రం నోటి నిండా రొట్టె కుక్కుకుని ఎటూ చెప్పలేదు. శనివారం పొద్దున గుడిసె ముందు నేను "ఒకటి" అంటే నావీ కలిపి నలభై ఆరు కాళ్లు ఒక్కసారి బయటికొచ్చాయి. పంతొమ్మిదేళ్లుగా నేర్పుతున్నాను, అలాంటి చప్పుడు ఎన్నడూ వినలేదు. కొండరాజు ఒక్కడే పక్కన నిలబడి మేఘాలు చూశాడు.

15వ తేదీ ఆదివారం, గొర్రెలు వేరుచేసే దొడ్డి దగ్గర లోయ అంతా చేరింది. కంచె మీద పదిహేడు జతల రబ్బరు బూట్లు తలకిందులుగా వేలాడాయి. నేను కట్టలేదు. ఎవరి బూట్లు వాళ్లే కట్టుకున్నారు. మా అలవాటు ప్రకారం అక్కడికక్కడ పద్యాలు కట్టారు. అందరూ పాడినది ఇది:

కొండకు రాజట, బూటుకు బందీ,
గుర్రం నవ్వింది, గేటే సాక్షి.
కత్తితో కోస్తే కాలొచ్చింది,
మీసం మాత్రం ఇరుక్కుపోయింది.

కట్టినది నేను కాదు. ఆర్మన్ భార్య హుల్దా. సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఫిర్యాదు వచ్చింది. బూటు కోసినందుకు ఫిర్యాదు చేసేవాడైతే దారిలోనే పోలీసుస్టేషను ఉంది, గురువారమే చేసేవాడు.

పైన చెప్పినదంతా నేను కళ్లతో చూసినది, చేతులతో చేసినది. చదివి వినిపించారు. ఒక్క మాటా మార్చనక్కర్లేదు. సంతకం పెట్టేముందు నా కోరికలు కూడా ఇందులోనే రాయమన్నాను:

1. కొండకు వెళ్లే ప్రతి మనిషీ గేటు దగ్గర రెండు కాళ్లూ తీసి చూపించాలి. కొండరాజు మొదట చూపించాలి.
2. గాళ్ల అడుగున్న రబ్బరు బూటుతో జీను ఎక్కడం లోయ అంతటా నిషేధించాలి.
3. జీతానికి పెట్టుకున్న మనిషిని గుర్రమెక్కించే ముందు యజమాని ఖర్చుతో స్వారీ నేర్పించాలి, సరిపడే బూట్లు ఇవ్వాలి.
4. ప్రమాదం జరిగితే గుర్రం కంటే ముందు బూటునూ రికాబునూ పరీక్షించాలి.
5. స్వారీ శాల తాళాలు నా దగ్గరే ఉండాలి.
6. ఈ కేసు కొట్టేయకూడదు. విచారణ బహిరంగంగా జరగాలి. కోర్టు వాకిట్లో జీను వేసిన గుర్రాన్ని నిలబెట్టాలి. తీర్పు చెప్పబోయేవారు ముందు దాని మీద కూర్చోవాలి. "ఒకటి" నేనంటాను.

సంతకం: స్టెయిన్‌వర్ కేటిల్స్‌దోత్తిర్
18 సెప్టెంబరు 2024, బుధవారం, ఉదయం 11.40
నా ఎదుట నమోదు చేసినవారు: ఓట్టర్