అన్నయ్య నల్ల పీపా

ఆ పీపా జోలికి మాత్రం వెళ్ళకు తల్లీ. నీ ఎండ కరెంటు పలకలు డాబా మీద ఎక్కడ బిగించుకుంటావో నీ ఇష్టం, అది మాత్రం ఉన్నచోటే ఉంటుంది. తుప్పు పట్టిందా? పట్టదా మరి, నాకే పట్టింది. అది మీ తాతయ్య పెట్టింది. నీకు తాతయ్య, నాకు అన్నయ్య. నువ్వు చూడలేదులే, ఆయన పోయేనాటికి మీ నాన్నకే ఊహ తెలీదు. అలా ఆ గట్టు మీద కూర్చో, ఆ స్క్రూలేం ఎక్కడికీ పారిపోవు. అన్నయ్య బట్టల మిల్లులో బాయిలర్ మనిషి. బాయిలరంటే గదంత ఇనప పొయ్యి అనుకో, పగలంతా పారతో దానికి బొగ్గు మేపుతూ ఉండాలి. ఇంటికొస్తే కళ్ళూ పళ్ళూ తప్ప ఏమీ కనపడేవి కావు. మా వదిన, అదే మీ నానమ్మ, గుమ్మంలోనే ఆపేసి, ముందు మొహం కడుక్కోండి, ఎవర్ని రానిస్తున్నానో నాకు తెలియాలి కదా అనేది.

ఎక్కడున్నాను? ఆఁ, బొగ్గు. వారానికో బస్తా మిల్లువాళ్ళు ఊరికే ఇచ్చేవాళ్ళు. వంటా, వేన్నీళ్ళూ అన్నీ దాని మీదే. నాకేమో ఉబ్బసం. అమ్మా నాన్నా పోయాక నన్ను పెంచింది అన్నయ్యే, అప్పటికి నాకు పన్నెండేళ్ళు. పొయ్యి అంటిస్తే చాలు, నా ఛాతీలో పిల్లికూతలు మొదలు. డాక్టరు చూసి, ఈ పిల్ల దక్కాలంటే ఇంట్లో పొగ ఉండకూడదన్నాడు. ఆ వారం అన్నయ్య బస్తా తెచ్చుకోలేదు. ఊరికే వచ్చేదాన్ని వద్దంటాడేమిటని మిల్లంతా ముక్కున వేలేసుకుంది. వంట పొయ్యిని పెరటి చివరికి గెంటేశాం సరే, వేన్నీళ్ళో? మసి మనిషికి రోజూ బోలెడు కావాలి కదా. మిల్లులో పారేసిన పీపా ఒకటి మోసుకొచ్చి, తారు పూసి, డాబా ఎక్కించాడు. మసి పట్టిన రేకు ఎండలో ఎంత కాలుతుందో ఆయనకి తెలిసినట్టు ఎవరికి తెలుస్తుంది? అక్కడితో ఊరుకున్నాడా, బయటి నలుపే ఇంత వేడి లాగితే లోపల కూడా నలుపైతే ఇంకెంత లాగుతుందో అని, లోపల కూడా తారు పూసేశాడు మహానుభావుడు. ఇక చూసుకో, వారం రోజులు ఇంటిల్లిపాదీ కొత్తగా వేసిన రోడ్డులా కంపు కొట్టాం. మా టీచరు నన్ను తీసుకెళ్ళి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. నవ్వు, నవ్వు. తర్వాత లోపలిదంతా గీకి గీకి తీశాడు. ఆ చలికాలమంతా నాకు ఒక్క పిల్లికూత రాలేదు తల్లీ.

ఇంట్లో కుదిరింది కదా, ఇక మేనేజరు దగ్గరికి వెళ్ళాడు. మిల్లు కప్పు మీద నల్ల గొట్టాలు పరుద్దాం, నీళ్ళు అక్కడ కాస్త వేడెక్కి బాయిలర్లోకి దిగితే బొగ్గు ఆ మేరకి తగ్గుతుందన్నాడు. మరి మబ్బు పడితేనో అన్నాడట మేనేజరు. "మబ్బు రోజుకి ఏం చెయ్యాలో నాకింకా తెలీదండీ, ఎవరో ఒకరు కనిపెడతారు. అందాకా ఎండున్న రోజైనా మానేద్దాం" అన్నాడట మనవాడు. ఆయన నవ్వి పంపించేశాడు. మేనేజరు సరే, తోటివాళ్ళకి కోపం వచ్చింది. ఇవాళ బొగ్గు తగ్గిస్తానంటున్నావు, రేపు మమ్మల్ని తగ్గిస్తారు అని పక్కన కూర్చుని తినడం మానేశారు. "పని పోతే ఇంకో పని నేర్చుకుందాంరా. ఇక్కడ అందరం దగ్గుతున్నాం, అది వినపడటం లేదా మీకు" అన్నాడట. వాళ్ళ తప్పు కూడా లేదులే, పిల్లలున్నవాళ్ళు.

ఎనిమిదేళ్ళకి ఆ దగ్గే ఆయన్ని మంచాన పడేసింది. మెట్లెక్కలేడు. సాయంత్రం పీపా నీళ్ళు తెచ్చిపెడితే కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు, అదొక్కటే సుఖం. చివర్లో మూడు రోజులు ముసురు. పీపా మంచులా ఉంది. ఈయనేమో, నీళ్ళు తేమ్మా అంటాడు. వదిన మందులకి వెళ్ళింది. నేను పక్కింట్లోకి పోయి, వాళ్ళ బొగ్గుల పొయ్యి మీద నీళ్ళు కాచి తెచ్చాను. పీపావే అన్నయ్యా అన్నాను. నా బట్టల నిండా బొగ్గు వాసన. గొంతులో ఈల. పుట్టెడు బొగ్గు మింగిన మనిషికి తెలీదా? కాళ్ళు ముంచి, నా వీపు నిమురుతూ, "ఎండ బాగా కాసిందే ఇవాళ" అన్నాడు. కిటికీ బయట వాన పడుతూనే ఉంది.

అవునూ, ఆ బ్యాటరీ పెట్టె ఎండని దాచిపెడుతుందన్నావే. మబ్బు పడితే ఎన్ని రోజులొస్తుంది? మూడా?

ఊఁ.

ఆ చివరి పలక ఇటు జరుపమ్మా, నీడ పీపా మీద పడుతోంది.