సొమ్ములేవో పక్కన పెట్టండి

ఈ నా వీడ్కోలు సభకు అధ్యక్షత వహిస్తున్న మన యజమానిగారికి, ఆయన పక్కన కూర్చుని అప్పుడే గడియారం వంక చూస్తున్న వారి అమ్మాయికి, అంటే మన కొత్త మేనేజరమ్మకి, డ్రైవరన్నలకు, ప్యాకింగ్ చెల్లెళ్లకు, లోడింగ్ తమ్ముళ్లకు, ముందు వరసలోంచి ‘ఎక్కువ మాట్లాడకండి’ అని కళ్లతోనే చెబుతున్న మా ఆవిడకు నమస్కారాలు. ఇందాకటి నుంచి మీరంతా కలిసి నన్ను మునగచెట్టు ఎక్కించారు. దిగేలోపు ఒక మాట గురించి చెప్పి వెళతాను.

ఇళ్లు మార్చే పనిలో మనకున్న జబ్బేమిటంటే, చేతికి అందిన ప్రతిదాన్నీ చుట్టేస్తాం. అదిగో, వెనక వరసలో తల దించుకున్నాడే, ఆగకుండా వాగుతాడని మనం రేడియో అని పిలిచే కుర్రాడు, వాడు పనిలో చేరిన కొత్తలో ఒక ఇంట్లో చెత్తబుట్టను చెత్తతో సహా బబుల్ కవర్లో చుట్టి, పెట్టెలో పెట్టి, పైన ‘పగిలేవి, జాగ్రత్త’ అని చీటీ కూడా అంటించాడు. (నవ్వులు) మర్నాడు ఆ ఇంటాయన ఫోన్ చేసి, ‘మా ఉల్లిపాయ తొక్కలు ఒక్కటి కూడా నలగలేదండీ, మీ పనితనం అద్భుతం’ అన్నాడు. నవ్వకండి, వాడి తప్పేం లేదు. కొత్తగా గడప దాటి లోపలికి వెళ్లినవాడికి ఆ ఇంట్లో ఏది చెత్తో, ఏది ప్రాణమో ఎలా తెలుస్తుంది?

అందుకే మన పెద్దాయన, అంటే యజమానిగారి నాన్నగారు, ఒకే ఒక్క లారీ ఉన్న రోజుల్లోనే, ఒక పద్ధతి పెట్టారు. గడప బయట నిలబడి ముందుగా, ‘అమ్మా, మీ సొమ్ములేవో పక్కన పెట్టండి’ అని అడగాలి. ఒక ఖాళీ అట్టపెట్టె ఇవ్వాలి. అందులో వాళ్లు ఏదో ఒకటి పెట్టేదాకా మనం లోపల చెయ్యి వేయకూడదు. లారీ ఎక్కేది సామాను, ఇంటివాళ్లు చేత పట్టుకుని వెళ్లేది సొమ్ము. పెట్టెలో ఏముందని మనం అడగం, తొంగి చూడం. సరే, రేడియో తొంగి చూస్తాడనుకోండి, అది వేరే సంగతి.

ఈ సొమ్ము అనే మాట చిత్రమైనది. బ్యాంకులో అంటే డబ్బు. అద్దం ముందు నిలబడి అంటే నగలు. పశువులున్నవాళ్లు గొడ్లను కూడా సొమ్ములనే అంటారు. ఫ్యాను వేసి వదిలేసి వెళితే ‘ఎవడబ్బ సొమ్మనుకున్నావ్’ అని తిడతాం. మంచి మాట అనడానికి కూడా నోరు రానివాణ్ణి ‘అంటే నీ సొమ్మేం పోయింది’ అని నిలదీస్తాం. ఇంకొకరి కష్టాన్ని సొమ్ము చేసుకునేవాళ్లనూ చూశాం. ఇన్ని రకాలుగా వాడతాం కదా, మరి గడప దగ్గర అడిగితే మాత్రం జనం కాసేపు బిక్కమొహం వేస్తారు. ఒక లాయరుగారు గబగబా ఇంటి కాగితాలు, పాసు పుస్తకాలు తెచ్చి పెట్టారు. వాళ్లావిడ వాటి మీద కుక్కర్ వెయిట్ తెచ్చి పెట్టింది. ఆయన కస్సుమన్నాడు. ఆవిడేమో, ‘సాయంత్రానికి ఆకలేస్తే మీ కాగితాలు ఉడకబెట్టమంటారా?’ అంది. పెట్టెలో రెండూ వెళ్లాయి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మేనేజరమ్మా, కోపం తెచ్చుకోవద్దు. వచ్చే నెల నుంచి ఈ అడగడం తీసేసి, ఖరీదైన వస్తువులకు ఎర్ర స్టిక్కరు అంటించి బీమా చేయిద్దామని మీరు అన్నారు. మీ బాధ నాకు తెలుసు. గడప దగ్గర మనవాళ్లు చేతులు కట్టుకుని నిలబడితే కింద లారీ ఆగిపోతుంది, తర్వాతి ఇంటివాళ్లు ఫోన్ మీద ఫోన్ చేస్తారు. స్టిక్కరు మంచిదే, పెట్టండి. కానీ స్టిక్కరు ఖరీదు చూస్తుంది, అంతే.

ఒక టీచరమ్మ ఇల్లు మార్చాం. ‘నాకు సొమ్ములూ లేవు, పాడూ లేదు, అన్నీ లారీలో పడేయండి’ అందావిడ. పద్ధతి ప్రకారం మేం కదల్లేదు. ఆవిడకు చిర్రెత్తుకొచ్చింది, మమ్మల్ని నాలుగు దులిపింది కూడా. ఆఖరికి వంటింట్లోకి వెళ్లి ఒక చెక్క గరిటె తెచ్చి పెట్టెలో విసిరేసింది. ‘ఇదిగో, చాలా?’ అంది. దారిలో లారీ వెనక తలుపు ఊడింది. వంటింటి పెట్టెలన్నీ రోడ్డు పాలయ్యాయి. గిన్నెలు, గ్లాసులు, అన్నీ. మర్నాడు ఆవిడ ఆఫీసుకు వస్తోందని తెలిసి యజమానిగారు, నేను ముందే మొహాలు వేలాడేసుకుని కూర్చున్నాం. ఆవిడ కుర్చీలో కూర్చుని సంచీలోంచి ఆ గరిటె తీసి బల్ల మీద పెట్టింది. అందరి ఇళ్లలో గరిటెలు ఒక పక్క అరిగితే ఇది రెండో పక్క అరిగింది. వాళ్లమ్మది ఎడమచేతి వాటమట. అమ్మ పోయాక మిగిలిన గుర్తు అదొక్కటేనట. ‘గిన్నెలు కొనుక్కుంటాను. మీరు అడగకపోయి ఉంటే ఇది కూడా వాటితో పోయేది. ఇది నాకు అంత ముఖ్యమని మీరు అడిగేదాకా నాక్కూడా తెలియదండీ’ అంది. యజమానిగారూ, మీకు గుర్తుందా? (యజమాని తల ఊపారు) ఆ గరిటెకు ఎర్ర స్టిక్కరు ఎవరు అంటిస్తారు చెప్పండి.

నాకు భయంగా ఉందమ్మా. దాచుకోవడం ఎందుకు, భయంగానే ఉంది. నేను వెళ్లిపోయాక ఎవరూ చెడ్డవాళ్లయిపోరు, కానీ తొందరలో ఉన్నవాళ్లు ముందుగా మానేసేది అడగడమే.

రేపు పొద్దున గోడౌను పైనున్న మా రెండు గదులూ ఖాళీ చేస్తున్నాం. మా పెట్టె వారం నుంచి నోరు తెరుచుకుని కూర్చుంది. నువ్వేం పెడతావని మా ఆవిణ్ణి అడిగితే, ‘నా సొమ్ము అందులో పట్టదులెండి, ముందు సీట్లో కూర్చోబెట్టుకుని తీసుకెళతాను’ అంది. (నవ్వులు, చప్పట్లు) చాల్చాల్లే, ఆవిడ తల దించేసుకుంది, ఇంటికెళ్లాక నా పని చెబుతుంది.

నేను మాత్రం ఇంకా ఏమీ పెట్టలేదు. ఇన్నేళ్లూ నేను సంపాదించుకున్న సొమ్మల్లా గడప దగ్గర అడిగే ఆ ఒక్క మాట. అది నా వెంట తీసుకుపోతే ఎవరికీ పనికిరాదు, ఇక్కడే వదిలి వెళుతున్నాను. దాన్ని మాత్రం లారీలో వేయకండి, చేత పట్టుకోండి.

నన్ను ఇంతకాలం భరించిన యజమానిగారికి, ఇంత ఓపిగ్గా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. మేనేజరమ్మా, రేపు మా సామాను ఎత్తడానికి మనవాళ్లతో మీరే రండి. తలుపు వెనకే నిలబడి ఉంటాను. మీ నోటితో ఆ మాట అడిగేదాకా గడియ తీయను. సెలవు.