భూపాల్ ఫోన్లో పేర్లు

కామారెడ్డిలో ఒక ప్రసూతి ఆసుపత్రి వరండా. ఎల్లారెడ్డిలో ఎరువుల దుకాణం నడిపే భూపాల్ తొందర్లో కళ్లద్దాలు ఇంట్లోనే మరిచి వచ్చాడు. పెళ్లయిన ఇన్నేళ్లకు అతని ఫోను మొదటిసారి భార్య శ్రీలత చేతికి చిక్కింది.

“ఓ నెగటివ్ అని కొట్టిన. ఇద్దరు వచ్చిండ్రు. గని ఇవి మనుషుల పేర్లేనా అయ్యా?”

“ముందు ఫోన్ చెయ్యే! గంటలోపు రక్తం దొరకాలె అన్నది సిస్టర్. లోపల మన బిడ్డ మానసకు ఎట్లున్నదో ఏమో.”

“ఎవలికి చెయ్యాలె? ‘గోడ మీది పిల్లి, ఓ నెగటివ్’ అని ఉన్నది.”

“మనిషే. బీర్కూర్ ఆయన. తప్పు రెండు పార్టీలదీ ఉన్నదని వాట్సప్ గ్రూపుల పెట్టిండు. ఇటు గాదు, అటు గాదు.”

“పేరేంది?”

“ముందు చెయ్యరాదే!”

“చేసిన... స్విచ్ఛాఫ్.”

“చూసినవా? పిల్లి అని ఊకెనే అనలే నేను.”

“రెండోది... ‘అర్బన్ నక్సల్ రెండు, ఓ నెగటివ్’. రెండేంది? మరి ఒకటెవలు?”

“ఒకటి మీ తమ్ముడు.”

“మా సతీశా!”

“లైబ్రరీ ఎందుకు మూసిండ్రని అడిగిండు. అది ఇప్పుడెందుకు గని...”

“మరి ఈ రెండో ఆయన?”

“తాడ్వాయి ఊరాయన. వరి, మక్కలు ఏస్తడు.”

“తాడ్వాయిల ఎవుసం చేసెటాయన అర్బన్ ఎట్లయితడయ్యా?”

“నీకు రాజకీయం తెల్వది. వడ్లు కొనేకాడ సంచులు రాలేదని కలెక్టరాఫీసుల అర్జీ పెట్టిండు. ఎనుక ఎవలో లేకుంటె పెడ్తడా?”

“వడ్లు వానకు తడిసినయేమో.”

“తడిస్తే ఏడ్వాలె. అర్జీ పెడ్తరా?”

“నువ్వు పెట్టిన రక్తదాతల గ్రూపుల నలభై మంది ఉంటుండె గదా. ముగ్గురే కనవడుతున్నరు.”

“నేను, నువ్వు, మా బావ.”

“మిగిలినోళ్లు?”

“గ్రూపుల అందరి ముందల పేర్లు పెట్టి తీసేసిన. గులాములు పదకొండు మంది, భక్తులు తొమ్మిది మంది, ద్రోహులు...”

“మరి రక్తం?”

“ఏం రక్తం?”

“గా గ్రూపు పెట్టింది రక్తం కోసమే గదయ్యా!”

“తాడ్వాయి ఆయనకు చెయ్యి. స్పీకర్ పెట్టు.”

“అన్నా! భూపాలన్నా! శానా దినాలకు యాదికొచ్చిన.”

“తమ్మీ, మా మానస కాన్పు కష్టమైంది. రక్తం శానా పోయింది. ఓ నెగటివ్ గావాలె...”

“ఏ ఆసుపత్రి?”

“గా గ్రూపు ముచ్చట మనసుల పెట్టుకోకు...”

“ఏ ఆసుపత్రన్నా?”

“కామారెడ్డిల. బస్టాండు ఎనుక.”

“కోత మిషిన్ పొలంల నడుస్తున్నది. ఆపుమని చెప్పి వస్తున్న. అర్ధగంట.”

“పెట్టేసిండు. విన్నవా అయ్యా? ఒక్క మాటనలే.”

“విన్న.”

“నాకైతే తలెత్తబుద్ధి గాలే. అగో, సిస్టర్ వస్తున్నది.”

“మానస వాళ్లు మీరే గదా? రక్తమిచ్చేటాయన దొరికిండా?”

“దొరికిండు సిస్టర్. బయలెల్లిండు.”

“పేరు చెప్పుండ్రి. చిట్టీ రాసి కింద బ్లడ్ బ్యాంకుల ఇస్తే వచ్చుడుతోనే తీసుకుంటరు. ఆలస్యం కాదు.”

“పేరా... మా మనిషే సిస్టర్.”

“మీ మనిషే. పేరు?”

“ఎన్కట రక్తదానం క్యాంపుల నేనే ఆయనకు శాలువ కప్పిన... శ్రీలతా, పాత మెసేజీలల్ల చూడు.”

“అన్ని తుడిచేసినవు గదయ్యా! ఇప్పుడేం రాయమంటవు సిస్టర్‌ను? నక్సల్ రెండు అని రాయమంటవా? బిడ్డ లోపల పానాల మీద ఉన్నది. సిగ్గుపడకు, ఆయననే అడుగు.”

“జల్ది చెప్పుండ్రి సార్.”

“ఒక్క నిమిషం సిస్టర్... తమ్మీ, నేనే, భూపాల్‌ని. చిట్టీల రాస్తరట. నీ... నీ పూర్తి పేరేంది?”

“బండి తీసిన అన్నా, వస్తున్న. పేరంటవా... గ్రూపుల నువ్వు పెట్టిందే రాయి. ఊర్లె అందరు దాన్నే ఖాయం చేసిండ్రు. మూడో తరగతి చదివే నా బిడ్డను గూడ బడిల గా పేరుతోనే పిలుస్తున్నరు.”