పొయ్యి పక్కన పొడి చీలికలు

ఉత్తర ఫిన్లాండ్‌లో ఊబినేల మీద వేసిన పలకల బాట అడవిలో ఒక గుడిసె దగ్గరికి చేరుతుంది. దానికి తాళం ఉండదు, నడిచొచ్చిన వాళ్లెవరైనా పడుకోవచ్చు. దాని ముందు ఒక ముసలాయన కట్టెలు చీలుస్తుంటే ఒకామె వచ్చింది.

“తాతా, పోయినేడు ఆకు రాలే కాలంలో ఇక్కడ పొయ్యి పక్కన పొడి చీలికలు పెట్టింది నువ్వేనా?”

“ఏమో అమ్మాయ్. వెళ్లేవాళ్లందరూ పెట్టే పోతారు. ఏం, పొగొచ్చిందా?”

“మా ఆయన ఉర్హో పలక మీంచి జారి నడుందాకా ఊబిలో దిగబడ్డాడు. ఇక్కడికొచ్చేసరికి చలికి చేతులు కొయ్యబారిపోయి గొడ్డలి పట్టలేకపోయాడు. ఆ చీలికలే లేకపోతే…”

“బతికాడుగా?”

“ఇంట్లో కూర్చుని కాఫీ బాలేదని సణుగుతున్నాడు.”

“అయితే పూర్తిగా కోలుకున్నట్టే.”

“ఆ పెట్టినవాళ్ల చేతులు పట్టుకుని ఓ మాట చెప్పుకుందామని వచ్చా. తియ్యరొట్టెలు కూడా తెచ్చా.”

“రొట్టెలు నేను తింటాలే. ఆ మాట మాత్రం నాది కాదు, రేపు ఇక్కడికి వచ్చేవాడిది. ఇదిగో గొడ్డలి.”

ఆమె కాసేపు చీల్చింది.

“ఇవి చాలా తాతా?”

“లావుగా ఉన్నాయి. వచ్చేవాడి చేతులు ఆ రోజు మీ ఉర్హో చేతుల్లా ఉన్నాయనుకో.”

ఆమె ఇంకా సన్నంగా చీల్చింది. కొయ్యబారిన చేతుల్లా వేళ్లు ముడుచుకుని, రెండు పిడికిళ్లతోనే ఒక చీలిక ఎత్తి చూసింది.

“వచ్చింది తాతా!”

“ఆఁ. ఇక రొట్టెలు తియ్యి.”